పదమూడు పాయింట్ ఎనిమిది

లూర్దు మేరీ సూది గుచ్చితే నొప్పి తెలియదని అనకాపల్లిలో పేరు. చంటిపిల్లలు ఏడుద్దామని నోరు తెరిచేసరికి పని అయిపోయేది. తెరిచిన నోటితో ఏం చేయాలో తోచక ఆవలించేవారు. ఆ పేరే తొమ్మిదేళ్లుగా త్రినాధరావు ల్యాబుని నిలబెట్టింది. మేరీకి ఇంకో విద్య కూడా వచ్చు. అది సూదితో చేసేది కాదు, పెన్నుతో చేసేది. దాని సంగతి ఆవిడకీ త్రినాధరావుకీ తప్ప మూడో మనిషికి తెలియదు. నలుగురిలో చెప్పుకునే విద్యా కాదు లెండి.

ఆ ఏడు ఫిబ్రవరిలో, చెరుకు ఆడే రోజుల్లో, ఒక బెల్లం వర్తకుడు తండ్రి సంవత్సరీకానికి బుచ్చయ్యపేట అవతల తన సొంతూరి బడిలో ఉచిత వైద్య శిబిరం పెట్టించాడు. రక్తపరీక్షల పని త్రినాధరావుకి అప్పజెప్పాడు. గురువారం పొద్దున్న ఎనిమిదింటికి మేరీ బడి వరండాలో బెంచీ మీద కూర్చుంది. మూడింటికి లేచింది. ఈ మధ్యలో నూట ఎనభై రెండు చేతులు ఆవిడ ముందుకొచ్చి వెళ్లాయి.

చేతులనే చెప్పాలి, ఎందుకంటే మేరీకి మొహాలు గుర్తుండవు. చెయ్యి పట్టుకుంటే మాత్రం మరిచిపోదు. కత్తివాదరకి తెగి అతుక్కున్న వేళ్లు, ఎరువు కొట్టి చిట్లిన అరచేతులు, పచ్చబొట్టు పొడిపించుకున్న ముసలి ముంజేతులు. ఊరి చివర గానుగ దగ్గర రసం కాగుతున్న వాసన వరండాలోకి వచ్చి కూర్చుంది. ఆ వాసనకి, ఆ ఎండకి, వరస కదిలే తీరుకి మేరీకి సగం మెలకువా సగం కలా అయింది. మధ్యాహ్నం దాటాక ఒక చెయ్యి వచ్చి ఆవిడ చేతిలో పడింది. చల్లగా ఉంది. గోళ్ల కింద ఎరుపన్నది లేదు.

"పేరేటమ్మా?"

"సోమాలమ్మ."

"వయసు?"

"ఇరవై ఏడో ఎనిమిదో. మా ఆయనకి తెలుసు."

ఆయన వెనకే ఉన్నాడు. పోతన్న. గానుగ దగ్గర పాకం చూసే మనిషి. పెనంలో రసం కాగి కాగి ఎప్పుడు బెల్లానికి వచ్చిందో రంగు చూసి చెప్పడం అతని పని. అతను చెయ్యి ఎత్తితే పెనం దించుతారు, ఎత్తకపోతే దించరు. "ఇరవై తొమ్మిదండి," అన్నాడు, భార్య వయసు కూడా పాకంలాగే తనే తేల్చాలన్నట్టు.

మేరీ రబ్బరు పట్టీ కట్టింది. నరం దొరకడానికి ఎన్నడూ లేనంత సేపు పట్టింది. గొట్టంలోకి దిగిన రక్తం పల్చగా ఉంది. మేరీ దాన్ని ఒకసారి వెలుతురుకి పెట్టి చూసింది.  "కూర్చుని లే తల్లీ, గబుక్కున లేవకు," అంది.

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. త్రినాధరావు ఫ్యాను కేసి చూసి, గొట్టాల ట్రేల కేసి చూసి, మేరీ కేసి చూశాడు.

"యాభై దాటినోళ్ళకి షుగరు చూసేసేను. మిగతావి నువ్వు రాసెయ్ మేరమ్మా. ఎల్లుండి సంవత్సరీకం. స్టేజీ మీద పంచాలంట."

"అంతమందివా సార్?"

"కిట్లు అంతమందికి లేవు. వాళ్ళకేటి, దిట్టంగా ఉన్నారు. పల్లెటూరోళ్ళు."

అని, తనే ట్రే తీసుకెళ్లి సింకులో వంచి కుళాయి తిప్పాడు. ఆ చప్పుడు కాసేపు వినిపించింది. త్రినాధరావు దుర్మార్గుడని నేననను. పండక్కి మేరీకి చీర పెట్టేవాడు, ఆవిడ తల్లికి జబ్బు చేస్తే రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్నాడు. కాకపోతే అతనికి చూసి చెప్పడానికీ ఊహించి చెప్పడానికీ ఉన్న దూరం ఏడాదికింత తగ్గుతూ వచ్చి, ఆ మధ్యాహ్నానికి కుళాయంత దగ్గరైపోయింది.

ఇదీ మేరీ రెండో విద్య. రాయడం. ఇంకో ల్యాబువాళ్లయితే హిమోగ్లోబిన్ దగ్గర పన్నెండు, పన్నెండున్నర, పన్నెండు అని వరసగా కొట్టేసేవారు. మేరీకి అలా చేతకాదు. కిటికీ పక్కన కూర్చుని, ముందు తన రఫ్ నోట్సులో పేరు రాసుకుని, కళ్లు మూసుకుని ఆ చెయ్యిని మళ్లీ పట్టుకునేది. పట్టుకున్నాక అంకె దానంతటదే వచ్చేది. కత్తికి తెగిన వేళ్లవాడికి పదకొండు పాయింట్ ఆరు. పచ్చబొట్ల ముసలమ్మకి పది పాయింట్ తొమ్మిది, పాపం అంతకన్నా ఏం ఉంటుంది. మరీ నీరసంగా కనిపించిన చేతులు వచ్చినప్పుడు ఆవిడ ప్రాణం ఆగేది కాదు. పంక్తిలో ఆకలిగా కనిపించిన వాడి విస్తట్లో ఇంకో గరిటె వేసినట్టు వాళ్లకి ఇంకాస్త వేసేది. పన్నెండున్నర. పదమూడు. కాసులమ్మ అనే ఆవిడకి పదమూడు పాయింట్ రెండు.

సోమాలమ్మ పేరు దగ్గర మేరీ చాలాసేపు ఆగింది. వీధిలో బెల్లం బళ్లు మార్కెట్టు యార్డుకి వెళుతున్నాయి, ఎద్దుల మువ్వలు దగ్గరికొచ్చి దూరమయ్యాయి. మూసిన కళ్ల వెనక సోమాలమ్మ చెరుకుతోట గట్టు మీద నడుస్తోంది. నెత్తిన మోపు ఉంది. ఆయాసం లేదు. గోళ్లు ఎర్రగా ఉన్నాయి. మేరీ పెదాలు కదిలాయి, అది ప్రార్థనో అంకో ఆవిడకే తెలియదు. పదమూడు పాయింట్ ఎనిమిది అని రాసింది. ఆ ఊరు మొత్తంలో అదే పెద్ద అంకె. రాశాక మేరీకి మనసు తేలికపడింది, తన చేత్తో తనే ఒకరికి ఒక మంచి చేసినట్టు.

అబద్ధమని తెలియదా అంటే తెలుసు. కానీ కలగంటున్న మనిషిని లేపి, ఇది కలే కదా అని అడిగితే ఏం చెబుతారు.

వారం తిరిగింది. మళ్లీ శుక్రవారం. పదకొండింటికి ఒకతను ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. మేరీకి మొహం గుర్తు రాలేదు. ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసిన వేళ్లు చూసి గుర్తుపట్టింది. పాకం అంటి అంటి నల్లబడిన బొటనవేలు, చూపుడువేలు.

"మేడమ్ గారూ, దీనికి ముద్ర పడలేదంటండి. ముద్రేసి ఇయ్యండి."

"ముద్ర ఎందుకు?"

"ఆపరేషన్‌కండి. పిల్లలు పుట్టకుండా సేసే ఆపరేషను. సోమవారం క్యాంపుంది. ఇదివరకు రెండుపాలి తీసికెల్తే రగతం నేదని తిప్పి పంపేసేరు. ఇప్పుడీ కాగితం సూసి సిస్టరమ్మ, ఇంకేటి, మళ్ళీ గుచ్చక్కర్లేదు, ముద్రేయించి తెచ్చీమంది." పోతన్న కాగితాన్ని అరచేత్తో సాపు చేశాడు. అతని మొహంలో సిగ్గూ గొప్పా రెండూ ఉన్నాయి. "స్టేజీ మీంచి సదివేరండి. మా ఊరు మొత్తానికి మా దాని రగతమే గట్టిదంట. ఆ రోజు నుంచి మా యమ్మ దాన్ని మూడో పూట కూడా పొలానికి పంపుతోందండి. ఏ రోగమూ నేదు గదా అని."

మేరీ కాగితం తీసుకుంది. తన దస్తూరీయే. గుండ్రంగా, ముచ్చటగా, పదమూడు పాయింట్ ఎనిమిది. కిటికీ పక్కన కూర్చుని తను కన్న కల ఊరెళ్లి, స్టేజీ ఎక్కి, సోమాలమ్మని పొలానికి తోలి, ఇప్పుడు ఆపరేషను బల్ల మీదికి ఎక్కించబోతోంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అది ఇలాగే ఎదురవుతుంది కాబోలు, చేతులు కట్టుకుని, చెప్పులు విడిచి. 

ముద్ర సొరుగులో ఉంది. మేరీ సొరుగు తెరిచి, మూసింది.

"ప్యాడులో సిరా ఎండిపోయింది. ఆదివారం నేనే మీ ఊరొచ్చి వేస్తాను."

"మీరే వత్తారా?" పోతన్న ఆశ్చర్యపోయాడు. "ఇంత దూరం?"

"వత్తాను. ఈలోగా ఆవిడ్ని పొలానికి పంపకండి."

అతను వెళ్లాక త్రినాధరావు లోపలి గదిలోంచి వచ్చి, ప్యాడు తీసి, బొటనవేలితో నొక్కి చూశాడు. వేలికి నీలం సిరా అంటింది.

"ఏటి మేరమ్మా ఇది?"

మేరీ చెప్పింది. అతను విన్నాడు. వింటూ సిరా తుడుచుకున్నాడు.

"ఏదో వంక పెట్టి ముద్ర వెయ్యకుండా ఊరుకో. అదే ఆగిపోతాది."

"ఆగదు సార్. మార్చి వచ్చేత్తంది, క్యాంపోళ్ళకి టార్గెట్లుంటాయి. ముద్ర లేకపోయినా బల్ల ఎక్కించేత్తారు."

"చూడు. ఒక్కదానికి నిజం చెప్తే నూట ఎనభై మందికీ చెప్పినట్టే. పెదవి దాటితే పృథివి దాటుతాది. ఈ ల్యాబు ఉండదు. నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

"ఆవిడ రక్తం నేను చూసేను సార్. గొట్టంలోనే తెలిసిపోయింది."

"తెలిస్తే మరి పదమూడు ఎందుకు రాసేవు?"

ఈ ప్రశ్నకి మేరీ దగ్గర ఉన్న జవాబు చెప్పుకోవడానికి సిగ్గేసింది. త్రినాధరావు మెషీను మీద గుడ్డ తీసి, దులిపి, మళ్లీ కప్పాడు. గొంతు పెంచలేదు. "వెళ్తే సోమవారం ఇక్కడికి రానక్కర్లేదు," అన్నాడు.

ఆదివారం మొదటి గంట కొట్టేవేళకి మేరీ చర్చిలో కాకుండా ఆ ఊరివైపు వెళ్లే వడ్డాది బస్సులో ఉంది. ఒళ్లో చేత్తో రక్తం పరీక్షించే చిన్న చెక్కపెట్టె. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకున్న రోజుల్లో కొన్నది. ల్యాబులోకి మెషీను వచ్చాక దాని అవసరం తీరిపోయి ఇంట్లో అటక ఎక్కింది. రాత్రి దించి, గాజు గొట్టం కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టింది. బస్సు కిటికీలోంచి చూస్తే మంచు తెల్లగా చెరుకుతోటల మీద పడుకుని ఉంది. అక్కడక్కడా గానుగల పొగ లేచి ఆ మంచులో కలిసిపోతోంది, ఏది పొగో ఏది మంచో తెలియలేదు. ఊరు రాకుండా ఇలాగే ఎప్పటికీ వెళ్తూ ఉంటే బాగుండునని మేరీ అనుకుంది. ఊరు వచ్చింది.

సోమాలమ్మ అరుగు మీద చాప వేసింది. గోడకి సంవత్సరీకంలో పంచిన కేలండరు, దాని పక్కన మేకుకి ప్లాస్టిక్ కవరులో కాగితం. ముగ్గురు పిల్లలు వరసగా నిలబడి చెక్కపెట్టె కేసి చూస్తున్నారు. పోతన్న దూడని కట్టడానికి పెరట్లోకి వెళ్లాడు.

"ముద్ర వేసేముందు ఒకసారి వేలు గుచ్చాలి," అంది మేరీ.

సోమాలమ్మ వేలు చాచింది. మేరీ గుచ్చి, సన్నటి గాజు గొట్టంతో గీత దాకా రక్తం పీల్చి, పెట్టెలోని పెద్ద గొట్టంలో ఉన్న ఆసిడ్‌లోకి ఊదింది. ఎరుపు మెల్లగా గోధుమరంగుకి తిరగడం మొదలైంది.

"పది నిమిషాలు ఆగాలి."

ఆగారు. గొట్టంలో రంగు మారుతోంది. సోమాలమ్మ పిల్లల్ని వీధిలోకి తోలేసి, మేరీకి దగ్గరగా జరిగింది. అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి, గొంతు తగ్గించి, అక్కని పిలిచినట్టు అప్పా అంది.

"నాకు తెలుసప్పా. ఆ కాగితంలో ఉన్నది నా రగతం కాదు."

మేరీ తలెత్తింది.

"బిందెడు నీల్లు తెత్తే సెవులు గుయ్యిమంటాయి. కళ్ల ముందు సీకటి. నా ఒళ్ళు నాకు తెలీదా? ఎవులిదో నా పేరున పడిపోయిందనుకున్నాను. నాను నోరు మెదప్నేదు. మా అత్త పొలానికి తోలినా మెదప్నేదు. మూడో కాన్పుకే పోయి బతికేను. ఇంకో కడుపొత్తే నాను మిగల్ను. ఏదో దేముడు తోవిచ్చేడు, ముద్రేసీ అప్పా."

"ఈ రక్తంతో బల్ల ఎక్కితే దిగవు సోమాలమ్మా."

"ఎక్కకపోతే మట్టుకు ఎన్నాళ్ళుంటాను?"

 ముందు రోజు రాత్రంతా మేరీ నిజం ఎలా చెప్పాలా అని తన్నుకుంది గాని, నిజం చెబితే మూసుకునే తలుపు ఒకటుందని ఆవిడకి తోచలేదు. అబద్ధమే ఈ పిల్లకి దొరికిన ఒకే ఒక దారి. తన అబద్ధమే.

పోతన్న వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. పెట్టె కేసి ఆసక్తిగా వంగాడు. మేరీ పెట్టెని వెలుతురుకి తిప్పి అతని ముందు పెట్టింది.

"మీరు పాకం చూస్తారు కదా. ఇది చూడండి. ఈ పక్క గాజుకీ ఆ పక్క గాజుకీ ఒకటే రంగు, అది మారదు. మధ్య గొట్టంలో రంగు చిక్కగా ఉంది. దీంట్లో చుక్క చుక్క నీళ్లు వేసుకుంటూ పోతాను. రంగు పక్కవాటితో కలవగానే ఆగాలి. రక్తం గట్టిదైతే నీళ్లు చాలా పడతాయి. ఎక్కడ ఆగాలో మీరే చెప్పండి."

"నానా?"

"నా కన్ను నేను నమ్మను," అంది మేరీ. అది ఆవిడ నిజంగానే అంది.

మేరీ చుక్క వేసి గాజుపుల్లతో కలిపింది. మరో చుక్క. పోతన్న ఒక కన్ను మూశాడు, గానుగ దగ్గర ఎలా మూస్తాడో అలాగే. మరో రెండు చుక్కలు. ఇంకొకటి వెయ్యబోతుంటే అతని చెయ్యి గాలిలోకి లేచింది.

"ఆగండమ్మా. కలిసిపోయింది. ఇంకో సుక్క పడితే పల్చబడిపోద్ది."

మేరీ గొట్టం బయటికి తీసి గీత చూపించింది. "ఆరు."

"పదమూడు ఎక్కడుంటాది?"

మేరీ గోటితో చూపించింది, ఎక్కడో పైన. పోతన్న ఆ గోటికీ నీటి మట్టానికీ మధ్య ఉన్న ఖాళీ గాజుని చాలాసేపు చూశాడు. అక్షరం ముక్క రాకపోయినా అతను ఇప్పుడు చదివేశాడు.

"మరి ఈ ఖాళీ అంతా ఎవులు నింపేరమ్మా?"

"నేనే," అంది మేరీ. "పరీక్ష చెయ్యలేదు. చెయ్యకుండా రాసేను. ఆవిడ చెయ్యి చల్లగా ఉంటే జాలేసి, అందరికన్నా ఎక్కువ రాసేను."

 తిడతాడని మేరీ ఎదురుచూసింది. తిడితే బాగుండును. పోతన్న లేచి, మేకు మీంచి కవరు తీసి, కాగితాన్ని బయటికి లాగి, నాలుగు మడతలు పెట్టి మేరీ ఒళ్లో పెట్టాడు.

"జాలేసిందా?" అన్నాడు. "నానీ కాగితం సూసి దాన్ని పొలానికి పంపనిచ్చేనమ్మా."

సోమాలమ్మ మొహం గోడకి తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. మేరీ చెయ్యి చాచి ఆ చల్లటి చెయ్యి పట్టుకుంది. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"మాత్రలు నేను తెచ్చి ఇస్తాను. మూడు నాలుగు నెలలు వాడితే రక్తం పడతాది. ఆ తరవాత ఎప్పుడైనా చేయించుకోవచ్చు."

"ఈలోగా?" అంది సోమాలమ్మ గోడకేసే చూస్తూ.

మేరీ గొట్టం కడుగుతూ, గొట్టంతోనే చెబుతున్నట్టు చెప్పింది. "ఇంట్లో ఆపరేషను ఒకళ్ళు చేయించుకుంటే చాలు. మగోళ్ళకి కూడా ఆ క్యాంపులోనే చేత్తారు. పది నిమిషాల పని. కోత కూడా ఉండదు. సాయంత్రానికి నడిచి ఇంటికొచ్చేస్తారు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండాలి, అంతే."

"ఆ మాటెత్తకప్పా," అంది సోమాలమ్మ గాభరాగా. "గానుగ కాడ నవ్వుతారు. ఎద్దుని సేసీసేరంటారు. పెనం దించాల, బరువులు మొయ్యాల."

"ఎద్దుకి చేసేది వేరు, ఇది వేరు. బలం ఎక్కడికీ పోదు."

పోతన్న అరుగు దిగి పెరట్లోకి వెళ్లాడు. గోలెంలో చెంబు ముంచిన చప్పుడైంది. సోమాలమ్మ మేరీ కేసి, అయిపోయింది చూశావా అన్నట్టు చూసింది. చెంబు చప్పుడు మళ్లీ అయింది, మళ్లీ అయింది. తిరిగొచ్చినప్పుడు అతని చేతులు మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. తుండుతో తుడుచుకుని, చాప మీద మఠం వేసుకుని కూర్చుని, నల్లబడిన చూపుడువేలు మేరీ ముందుకి చాచాడు.

"సోమవారానికి ఆటో ఎలాగూ మాటాడీసేను. ఎవులో ఒకలు ఎక్కాల గదా. నాది సూడండి."

మేరీ గుచ్చింది. అతను వేలు వెనక్కి లాక్కోబోయి, గుచ్చడం అయిపోయిందని తెలుసుకుని, ఏం చేయాలో తోచక నవ్వాడు. పది నిమిషాలు ఆగారు. మేరీ నీళ్లు వెయ్యడం మొదలుపెట్టింది. చుక్క, చుక్క. పోతన్న ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఇంకా, అన్నాడు. ఇంకా. గొట్టంలో నీరు ఆరు దాటింది, పది దాటింది. సోమాలమ్మ కళ్లు తుడుచుకుని తనూ వంగి చూసింది. నీరు పైకి పైకి పోతూనే ఉంది.

"సూసేవా అప్పా," అంది. "నా రగతమంతా ఈయనే తాగీసినట్టున్నాడు."

అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పోతన్న మూసిన కన్ను తెరవకుండానే చెయ్యి ఎత్తాడు. మేరీ గీత చూసింది. పద్నాలుగు పాయింట్ ఒకటి. తెల్లకాగితం మీద అతని పేరు, తారీఖు, ఆ అంకె ఉన్నది ఉన్నట్టు రాసి, కింద తన సంతకం పెట్టింది. ల్యాబు పేరు రాయలేదు. ఇంకో కాగితం మీద సోమాలమ్మ పేరు, ఆరు. మొదటి ఉద్యోగంలో మొదటి రిపోర్టు రాసిన రోజున చదువుకున్నట్టు, రెండూ మళ్లీ ఒకసారి చదువుకుంది.

పెట్టె సర్దుతూ సంచిలోంచి రఫ్ నోట్సు తీసింది. పదమూడు దాటిన పేర్ల కింద బస్సులోనే గీతలు పెట్టుకుంది. తొమ్మిది ఉన్నాయి. ఈ తొమ్మిదీ అయ్యాక మిగతా ఊరంతా ఉంది, అది ఒక ఆదివారంతో తీరదు. రేపటి నుంచి ల్యాబు లేదు కాబట్టి ఆదివారమే కానక్కర్లేదు కూడా.

"కాసులమ్మ ఇల్లెక్కడ?"

"పక్కిల్లే," అంది సోమాలమ్మ. నోట్సులోకి తొంగిచూసింది. చదువు రాదు, ఊరికే చూసింది. "దానికీ ఎక్కువే రాసేవా అప్పా?"

"ఎక్కువే రాసేను."

సోమాలమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"అయితే బేగి పద," అంది.